బోరు నీళ్ళ ఊళ్ళో బాడీ వాష్ ఎట్టా ఎంచుకోవాలి, చెంబు స్నానానికి ఎట్టా వాడాలి

సబ్బు మానేసి బాడీ వాష్‌కి మారితే మంచిదా అని అడిగేవాళ్ళకి నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తా, మీ ఇంట్లో ఏం నీళ్ళు వస్తాయి అని. డ్రై స్కినా ఆయిలీ స్కినా, ఏ బ్రాండు, ఏ వాసన, అవన్నీ తర్వాత. తిరుపతిలో ఒకే వీధిలో ఒకింటికి కళ్యాణి డ్యాం నీళ్ళో కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్ళో వస్తాయి, పక్కనే ఉండే అపార్ట్‌మెంట్‌లో అంతా బోరు, ఎండాకాలం ముదిరిందంటే ఇద్దరికీ ట్యాంకరే, ఆ ట్యాంకరు నీళ్ళు కూడా ఎక్కువసార్లు ఏదో ఒక తోటలో బోరువే. చిత్తూరు పక్క పల్లెల్లో అయితే బోరు తప్ప ఇంకో మాటే లేదు చాలా చోట్ల. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గట్టిపడి గీకినా పోకుండా ఉంటే, గీజరు కాయిల్‌కి సున్నం పట్టి రెండేళ్ళకే పోతా ఉంటే, స్టీలు బకెట్ ఆరినాక తెల్ల మచ్చలు కనిపిస్తే, మీవి గట్టి నీళ్ళు అని అర్థం. అంటే అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ కరిగి ఉండాయి.

డౌటుగా ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు, రెండు చిన్న వాటర్ బాటిళ్ళు తీసుకోండి, ఒకదాంట్లో ఆర్ఓ నీళ్ళు సగం, ఇంకోదాంట్లో బాత్రూం నీళ్ళు సగం, రెండిట్లోనూ మామూలు ఒంటి సబ్బు కొంచెం గీకి వేసి మూత పెట్టి బాగా ఊపండి. ఆర్ఓ నీళ్ళలో నురగ పైన నిలబడతాది. గట్టి నీళ్ళలో నురగ సరిగా రాదు, నీళ్ళు పాల మాదిరి తెల్లగా అయిపోయి పైన విరిగిపోయినట్టు పెచ్చులు తేలతాయి. ఈ టెస్టుకి హ్యాండ్ వాషో బాడీ వాషో వాడొద్దు, అవి ఎక్కువ భాగం ఏ నీళ్ళలో అయినా నురగ ఇస్తాయి, అప్పుడు మీకేం తేడా తెలీదు.

అసలు సంగతి అదే. సబ్బు అంటే నూనెలో ఉండే కొవ్వు ఆమ్లాలు సోడియంతో కలిసి తయారయ్యే ఉప్పు. అది గట్టి నీళ్ళలో పడగానే కాల్షియంని పట్టుకుని కరగని జిడ్డుగా మారిపోతాది, బాత్రూం టైల్స్ మీద, బకెట్ లోపల తెల్లగా పేరుకునేది అదే, మన ఒంటి మీద కూడా అదే పల్చగా మిగిలిపోతాది. నీళ్ళు పోసుకుని తుడుచుకున్నాక చెయ్యి ఒంటి మీద రుద్దితే గరగరలాడతాది చూడండి, చాలామంది దాన్నే శుభ్రం అయిందనుకుంటారు. పైగా సబ్బు పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 9 నుంచి 10 దాకా ఉంటాది, మన చర్మం పైపొర 4.5 నుంచి 5.5 మధ్య, అంటే కొంచెం పులుపు వైపు ఉంటాది. రోజుకి రెండుసార్లు సబ్బు పూసి రుద్దితే ఆ పులుపు తగ్గి, తేమని పట్టి ఉంచే కొవ్వు కూడా కడుక్కుని పోయి, కాళ్ళ మీద గోరుతో గీస్తే తెల్ల గీత పడే పరిస్థితి వస్తాది.

బాడీ వాష్‌లో ఎక్కువగా ఉండేది సబ్బు కాదు, సింథటిక్ క్లెన్సర్లు. అవి కాల్షియంతో కలిసి జిడ్డు కట్టవు, పీహెచ్ కూడా 5.5 దగ్గరగా సెట్ చేసుకునే వీలుంటాది. మన బోరు నీళ్ళకి బాడీ వాష్ పనికొచ్చేది ఈ కారణానికే తప్ప స్ట్రాబెర్రీ వాసనకి కాదు. మీ ఇంటికి మంచి మెత్తటి నీళ్ళు వస్తా ఉండి, సబ్బుతో ఒళ్ళు ఏం పొడిబారకుండా ఉంటే మారాల్సిన అవసరమే లేదు, ఆ డబ్బులతో ఇంకేమైనా కొనుక్కోండి.

సబ్బుతోనే ఉండేవాళ్ళకి ఒక మాట. రేపర్ మీద టీఎఫ్ఎం అని ఉంటాది చూడండి, అంటే అందులో మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో, బీఐఎస్ (మన దేశంలో సరుకులకి ప్రమాణాలు పెట్టే సంస్థ) లెక్కలో గ్రేడ్ 1 టాయిలెట్ సోప్ అంటే కనీసం 76 శాతం, గ్రేడ్ 2 అంటే 70, గ్రేడ్ 3 అంటే 60. బేతింగ్ బార్ అని రాసి ఉండేవి వేరే స్టాండర్డ్ కింద వస్తాయి, వాటికి 40 ఉన్నా చాలు. బార్ అయినంత మాత్రాన అది సబ్బే అని కూడా కాదు, డవ్ బార్ లాంటివాటిలో ముఖ్యంగా ఉండేది సోడియం లారోయిల్ ఐసెథియోనేట్ అనే మెత్తటి సింథటిక్ క్లెన్సరు. బాటిల్ ఇష్టం లేనివాళ్ళకి అదొక దారి.

ఇంక బాటిల్ కొనేటప్పుడు ముందు వైపు వదిలేసి వెనక్కి తిప్పండి. పదార్థాల లిస్టులో ఎక్కువ ఉండేది ముందు, తక్కువ ఉండేది చివర రాస్తారు, మొదటిది ఎట్టాగూ నీళ్ళే, ఆ తర్వాత వచ్చే నాలుగైదు పేర్లే బాటిల్ జాతకం. సోడియం లారిల్ సల్ఫేట్ ముందు వరసలో ఉంటే అది కొంచెం గట్టి రకం, జిడ్డు బాగా తీస్తాది గానీ డ్రై స్కిన్‌ని మంట పెట్టిస్తాది. సోడియం లారెత్ సల్ఫేట్ పేరు దగ్గరగా ఉన్నా దానికంటే మెత్తన, మార్కెట్లో ఎక్కువ బాడీ వాష్‌లు దీని మీదే నడుస్తా ఉండాయి, దానికి తోడు కోకమిడోప్రొపిల్ బీటెయిన్ కూడా ఉంటే ఇంకొంచెం మెత్తబడతాది. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్ అని ముందు కనిపిస్తే అవి మెత్తటి రకాలు, నురగ తక్కువ, రేటు ఎక్కువ. గ్లిసరిన్ మొదటి ఐదారు పేర్లలో ఉంటే మంచిదే, లిస్టు చివర వాసన పేర్ల తర్వాత ఎక్కడో ఉంటే అది ఉందని చెప్పుకోడానికి వేసిందే.

ఇంకో మెలిక ఉండాది. లిక్విడ్‌గా ఉండేదంతా సింథటిక్ కాదు. లిస్టులో పొటాషియం కోకోయేట్, పొటాషియం ఒలియేట్, పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటివి ముందు వరసలో ఉంటే అది నీళ్ళగా చేసిన సబ్బే, పీహెచ్ ఎక్కువే, గట్టి నీళ్ళలో జిడ్డు కట్టడమూ మామూలే. నేచురల్, హ్యాండ్‌మేడ్ అని అమ్మే ఖరీదైన బాటిళ్ళలో ఇవి తరచుగా కనిపిస్తాయి, బోరు నీళ్ళ కోసం సబ్బు మానేసి అంత డబ్బు పెట్టి మళ్ళా సబ్బే కొంటే ఏం లాభం చెప్పండి. అట్టాగే సల్ఫేట్ ఫ్రీ అని పెద్దగా రాసి లోపల సోడియం సి14-16 ఒలెఫిన్ సల్ఫోనేట్ వేసుంటారు, పేరుకి సల్ఫేట్ కాదు నిజమే గానీ అది కూడా బాగానే జిడ్డు లాగేసే రకం.

యాంటీ బ్యాక్టీరియల్ అనే మాటకి రోజూ స్నానంలో పెద్ద విలువ లేదు. ట్రైక్లోసాన్ సహా 19 క్రిముల్ని చంపే పదార్థాలు మామూలు సబ్బు నీళ్ళ కంటే ఎక్కువ మేలు చేస్తాయని, ఎక్కువ కాలం వాడినా సేఫ్ అని కంపెనీలు చూపించలేకపోయాయని అమెరికా ఎఫ్‌డీఏ 2016లో వాటిని ఇంట్లో వాడే వాష్‌లలో వద్దనింది. డెర్మటాలజిస్ట్ టెస్టెడ్ అంటే పరీక్ష పెట్టారని మాత్రమే, ఏం తేలిందో ఆ మాట చెప్పదు. మన తిరుపతి, చిత్తూరు పక్క వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎర్రచందనం బొమ్మ వేసిన బాటిళ్ళ గురించి. శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనం చెక్కకి మంచి గంధంలా సువాసన ఉండదు, రంగు ఉంటాది అంతే. కాబట్టి ఎర్రచందనం అని చెప్పి మూత తీయగానే గుప్పుమని వాసన వస్తే అది సెంటు, ఎర్ర రంగు కూడా చాలావరకు కలిపిన రంగే అయ్యుంటాది. వాసన బాగుంది అని కొనుక్కుంటే తప్పేం లేదు, చందనం అని కొనుక్కోవద్దు.

చర్మం సున్నితంగా ఉండేవాళ్ళు, ఎగ్జిమా ఉండేవాళ్ళు మాత్రం ఆ సెంటు దగ్గరే ఆగాలి. ఫ్రేగ్రెన్స్ లేదా పర్ఫ్యూమ్ అని ఉంటే, లిమోనీన్, లినలూల్ అని ఉంటే అవి వాసన కోసం వేసినవి, కొందరికి వీటితో దురద వస్తాది. మిథైల్ ఐసోథయాజొలినోన్ అని ఒక ప్రిజర్వేటివ్ ఉంటాది, అలర్జీ కేసులు ఎక్కువై యూరప్‌లో ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో దాన్ని పూర్తిగా ఆపేశారు, కడిగేసే వాటిలో 0.0015 శాతం దాటకూడదన్నారు. అందరికీ పడదని కాదు, ఇంతకుముందు ఏదో పడక దద్దుర్లు వచ్చినవాళ్ళు ఈ పేరు గుర్తు పెట్టుకుంటే చాలు. కొత్త బాటిల్ ఏదైనా ముందు మోచేయి లోపలి వైపు కొంచెం రాసి కడిగేసి ఒకట్రెండు రోజులు చూసి తర్వాత ఒళ్ళంతా వాడండి.

ఆయిలీ స్కిన్, వీపు మీద మొటిమలు ఉండేవాళ్ళకి జెల్ రకం బాగుంటాది, సాలిసిలిక్ యాసిడ్ ఉండేది అయితే నురగ చేసి వీపుకి రాసి ఒకట్రెండు నిమిషాలు ఉంచి కడగాలి, వెంటనే కడిగేస్తే పెద్దగా పని చేయదు. కడుపుతో ఉండేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా మందు కలిపిన వాష్‌లు మొదలుపెట్టొద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ డాక్టరు రాసిస్తే తెల్ల టవల్ వాడండి, రంగు టవళ్ళకి మచ్చలు పడి పోతాయి, తర్వాత ఇంట్లో తిట్లు. డ్రై స్కిన్‌కి క్రీమ్ లేదా ఆయిల్ బాడీ వాష్. స్క్రబ్ కలిపిన వాష్ రోజూ వాడే సరుకు కాదు.

ఇప్పుడు వాడడం. బాటిల్ మీద రాసేది షవర్ కింద నిలబడేవాళ్ళ కోసం, మనలో సగం మందికి పైగా బకెట్టు చెంబే. ముందు రెండు మూడు చెంబులు ఒంటి మీద పోసుకుని బాగా తడవండి, పొడి ఒంటి మీద బాడీ వాష్ వేస్తే ఒకే చోట చిక్కగా అతుక్కుంటాది. తల రుద్దుకునే రోజైతే తల పని ముందు పూర్తి చేసేయండి, షాంపూ కండిషనర్ జిడ్డు వీపు మీద మిగిలిపోతే మొటిమలు వచ్చేవాళ్ళు ఉండారు, ఒళ్ళు ఆఖర్న కడిగితే అది కూడా పోతాది. పది రూపాయల బిళ్ళంత వేసుకుంటే చాలు, పంపు బాటిల్ అయితే రెండు మూడు నొక్కులు. చేత్తో నేరుగా ఒంటికి పూస్తే సగం నీళ్ళతో పాటు జారి కిందికి పోతాది, మెత్తటి నెట్ స్పాంజి తడిపి దాని మీద వేసి కొంచెం నీళ్ళు చిలకరించి పిసికితే అదే కొంచెం ఒళ్ళంతటికీ సరిపోయే నురగ అవుతాది. స్పాంజి పని నురగ చేయడం వరకే, దాంతో ఒళ్ళు తోమొద్దు. బీరపీచుతో ఎర్రగా అయ్యేదాకా రుద్దే అలవాటు ఉండేవాళ్ళు దాన్ని మడమలకి మోచేతులకి ఉంచుకోండి.

నురగ ముందు మెడ, చంకలు, రొమ్ముల కింద, బొడ్డు, గజ్జలు, పిరుదుల మధ్య, పాదాలు, వేళ్ళ సందులు. చెమట నిలిచేది, వాసన వచ్చేది అక్కడే. చేతులు, పొట్ట, కాలి పిక్కలు మట్టిలోనో నూనెలోనో పని చేసిన రోజు తప్ప రోజూ గట్టిగా కడగాల్సిన పని లేదు, పైనుంచి జారే నురగ తగిలితే చాలు, అరవై దాటినవాళ్ళకి అయితే నేను ఇది గట్టిగా చెప్తా, పిక్కల మీద ఏమీ పూయొద్దు, నీళ్ళు చాలు. ఒకట్రెండు నిమిషాల్లో కడిగేయండి. కడిగేటప్పుడు ఒక తేడా తెలుస్తాది, సబ్బుకి అలవాటైన గరగర ఉండదు, కొంచెం నున్నగా జారుతున్నట్టు ఉంటాది. ఇంకా పోలేదు పోలేదు అని ఇంకో బకెట్ పోసుకుంటా ఉంటారు, ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే రోజుల్లో అది మరీ దండగ. నురగ కనిపించకపోతే పోయినట్టే. కొండ మీద గోగర్భం, పాపవినాశనం డ్యాముల్లో నిలిచేది వాన నీళ్ళు కాబట్టి తిరుమల రూముల్లో పోసుకున్నప్పుడు ఈ నున్నదనం ఇంకా ఎక్కువ అనిపిస్తాది, అక్కడ సగం వేసుకున్నా సరిపోతాది.

బాత్రూం నేల మాత్రం జాగ్రత్త, నున్నటి టైల్స్ మీద బాడీ వాష్ పడితే సబ్బు కంటే అన్యాయంగా జారతాది, పెద్దవాళ్ళు ఉండే ఇంట్లో మీరు బయటికి వచ్చేముందు రెండు చెంబులు నేల మీద కొట్టి రండి. బకెట్ నీళ్ళలో బాడీ వాష్ కలిపేసి పోసుకోవడం కొంతమంది పిల్లలకి చేస్తా ఉంటారు, అట్టా చేస్తే కడగడానికి మంచి నీళ్ళే మిగలవు.

నీళ్ళ వేడి గురించి. మదనపల్లె పక్క చలికాలంలో పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే హాయిగానే ఉంటాది గానీ ఏ ఖరీదైన బాడీ వాష్ కూడా ఆ పొడిబారడాన్ని ఆపలేదు, గోరువెచ్చగా చాలు. తిరుపతి, శ్రీకాళహస్తిలో సమస్య తిరగబడి ఉంటాది, మే నెలలో మధ్యాహ్నం పైన ట్యాంకులో నీళ్ళే కాలిపోతా ఉంటాయి, గీజర్ అక్కర్లేదు. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడలో పెట్టుకుంటే సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక చల్లగా పోసుకోవచ్చు. ఆ సీజన్లో రెండో స్నానానికి ఏ వాషూ వద్దు, చంకలకి గజ్జలకి కొంచెం తప్ప ఉత్త నీళ్ళే.

తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దండి, ఒంటి మీద కొంచెం తడి ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లో మాయిశ్చరైజరో కొబ్బరి నూనో రాయండి, పూర్తిగా ఆరినాక రాస్తే లోపల ఆపడానికి తేమే ఉండదు. బాడీ వాష్‌లో మాయిశ్చరైజర్ ఉందిలే అని దీన్ని మానేస్తారు, అందులో ఉండేది చాలావరకు నీళ్ళతో పాటు తూము దారి పట్టేస్తాది. డబ్బులు ఒకదానికే ఉంటే మామూలు బాడీ వాష్ కొని మిగతాది మంచి మాయిశ్చరైజర్ మీద పెట్టమంటాను.

బోరు నీళ్ళనే మార్చేద్దాం అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట, పటిక వేస్తే బురద కిందికి దిగుతాది గానీ కాల్షియం పోదు. కాస్తే కొంత వరకే తగ్గుతాది. కుళాయికి తగిలించే చిన్న షవర్ ఫిల్టర్లు క్లోరిన్, తుప్పు ఆపుతాయేమో గానీ గట్టిదనం తీయవు, దానికి ఉప్పు వేసి నడిపే సాఫ్ట్‌నర్ కావాలి. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి బాడీ వాషే చవక.

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కి వచ్చినవాళ్ళకి తొడలు ఒరుసుకుని మండతా ఉంటాయి. ఆ మండే చోట సబ్బు, మెంథాల్ కూల్ వాష్, స్క్రబ్ ఏవీ వద్దు, వాసన లేని మెత్తటి వాష్ కొంచెం, చల్లటి నీళ్ళు, బాగా ఆరనిచ్చి వాజిలిన్. ఎక్కేముందే తొడల మధ్య వాజిలిన్ రాసుకుని పోతే ఇంకా మేలు. గుండు చేయించుకున్న రోజు కూడా కూల్ వాష్‌ల జోలికి పోవద్దు, బ్లేడు గీతల మీద చుర్రుమంటాది, ఆ రోజుకి ఉత్త నీళ్ళు లేదా చిన్న పిల్లల వాష్ చాలు, ఎండలో తిరిగేటప్పుడు టోపీ పెట్టుకోండి.

పసిపిల్లలకి వారం పది రోజుల దాకా ఏ వాషూ లేకపోయినా నష్టం లేదు, పుట్టిన 24 గంటల దాకా అసలు నీళ్ళే పోయొద్దని డబ్ల్యూహెచ్ఓ చెప్తాది. అమ్మమ్మలు సున్నిపిండి పెట్టి రుద్దాలంటారు, నెలల పిల్లల చర్మానికి అది గరుకు, దీపావళి తలంటుకి మనం పెద్దవాళ్ళం పెట్టుకుందాం. ఆడవాళ్ళకి ఇంకోటి, యోని లోపలి భాగం దానికదే శుభ్రం చేసుకుంటాది, దాని పీహెచ్ 3.8 నుంచి 4.5, బాడీ వాష్ గానీ ఇంటిమేట్ వాష్ గానీ లోపలికి అస్సలు పోనీయొద్దు, బయట నీళ్ళు చాలు.

గజ్జల్లో గుండ్రంగా అంచు లేచి దురద పెట్టే తామర వస్తే బాడీ వాష్ మార్చి ఏం లాభం లేదు, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము తెచ్చి పూస్తే వారంలో తగ్గినట్టే తగ్గి తర్వాత రెట్టింపు పాకుతాది. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మం డాక్టర్ల ఓపీ ఉంటాది, పోయి చూపించుకోండి. ఇంట్లో అందరికీ ఒకే స్పాంజి, ఒకే టవల్ అనేది ఆపేయండి, అది ఒకరి నుంచి ఒకరికి అట్టానే తిరుగుతాది. స్పాంజి వాడినాక బాగా పిండి బాత్రూం బయట గాలికి తగిలించండి, నెలా రెండు నెలలకి మార్చేయండి, వాసన వస్తే ఇంకా ముందే.

లెక్క కూడా చూసుకుందాం, రోజుకి 8 ఎంఎల్ వేసుకుంటే 250 ఎంఎల్ బాటిల్ ఒకరికి 31 స్నానాలు వస్తాది, నలుగురు ఉండే ఇంట్లో వారం పైన ఒక్క రోజు కూడా రాదు. పెద్ద బాటిల్ చవక అని గుడ్డిగా తీసుకోవద్దు, ప్యాక్ మీద ఎమ్మార్పీ పక్కన ఎంఎల్‌కి ఎంత అని యూనిట్ సేల్ ప్రైస్ వేస్తారు, అది పోల్చుకోండి, ఆఫర్ పెట్టిన చిన్న బాటిలే ఒక్కోసారి చవక పడతాది. రీఫిల్ ప్యాకెట్ తెస్తే పాత బాటిల్ కడిగి పూర్తిగా ఆరబెట్టి పోయాలి, అడుగున నీళ్ళు ఉండగానే పోస్తే చెడిపోతాది. అయిపోవస్తా ఉంటే నీళ్ళు పోసి ఊపి ఇంకో వారం లాగడం మన ఇళ్ళల్లో అందరూ చేసేదే, ఆ రోజుకి అయితే పర్వాలేదు, వారం ఉంచితే ప్రిజర్వేటివ్ పల్చబడి లోపల బ్యాక్టీరియా పెరుగుతాది, కాబట్టి నీళ్ళు పోసిన రోజే ఖాళీ చేసేయండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని ఉంటే తెరిచాక 12 నెలలు అని, కొన్న రోజు బాటిల్ అడుగున మార్కర్‌తో తేదీ రాసి పెట్టుకోండి.